ఎడమవాటం

లాండ్రీ వ్యాను పేట మలుపు తిరిగేసరికే మన జట్టు మ్యాచ్ గెలిచేసింది. ఆట ఇంకా మొదలవలేదు, అవతలివాళ్ళ మైదానం కనుచూపు మేరలో లేదు. అయితేనేం? వెనకాల ఉతికిన దుప్పట్ల మూటల మధ్య ఇరుక్కుని కూర్చున్న పదకొండు మంది ఆడపిల్లలు, గెలవబోయే కప్పు ఎవరింట్లో పెట్టాలన్న దాని మీద రెండు పార్టీలుగా చీలిపోయి కొట్టుకుంటున్నారు. గోల్ ఒక్కటీ పడలేదు గానీ గోల మాత్రం అప్పటికే అరడజను పడింది.

"కప్పు మా ఇంట్లోనే. వ్యాను మా అమ్మది, కోచ్ మా బాబాయ్, కెప్టెన్ నేను. ఇంకేం కావాలి?" అంది కెప్టెన్. ఆ పిల్లని అందరూ మైకు అంటారు. పుట్టినప్పుడు పెట్టిన పేరొకటి ఉంది గానీ, దాంతో పిలిచే సందు ఆమె ఎవరికీ ఇవ్వలేదు.

"మీ ఇంట్లో పెడితే దొర్లిపోతుందే. మీ బీరువానే ఒక పక్కకి ఒరిగి ఉంటుంది" అంది రైలు. బంతి దొరికితే ఏ స్టేషన్లోనూ ఆగకుండా పరిగెత్తే పిల్ల కాబట్టి ఆ పేరు.

"మీ ఇల్లేమన్నా తిన్నగా ఉందా?"

"మేం కింద ఇటుక పెట్టాంగా!"

ముందు సీట్లో కూర్చున్న బాబాయ్ చెవిన ఈ మాట పడింది. చెవిన పడింది గానీ బుర్రలో పడలేదు. నవ్వుకుని ఊరుకున్నాడు.

బాబాయ్ వృత్తి టైల్స్ పరచడం. మైకుకి సొంత బాబాయ్. ఆమె పిలుస్తోంది కదా అని జట్టంతా బాబాయ్ అంది. పిల్లలు పిలుస్తున్నారు కదా అని తల్లులు కూడా అనేశారు. ఆఖరికి టైల్స్ షాపు యజమాని, తల నెరిసిన మనిషి, "బాబాయ్, రెండు పెట్టెలు తక్కువ పడ్డాయి" అని ఫోన్ చేసే స్థితికి వచ్చాడు. బాబాయ్ చదువుల కోసం పుట్టిన మనిషి కాదు, చదునుల కోసం పుట్టిన మనిషి. ఆయన పరిచిన నేల మీద గోళీ పెడితే అది పెట్టినచోటే కూర్చుని ఆలోచిస్తుంది. బాత్రూముల్లో మాత్రం నీళ్ళు జారడానికి కాస్త వాటం ఇస్తాడు. చొక్కా జేబులో నలుగురూ పెన్ను పెట్టుకునే చోట ఆయన చిన్న రసమట్టం పెట్టుకుంటాడు. గాజు గొట్టంలో బుడగ నడిమికొస్తే నేల చదును, పక్కకి జరిగితే వంకర. ఆయనకి తెలిసిన శాస్త్రం అంతే, అంతకు మించి కావలసింది కూడా లేదు.

"ఏమయ్యా మరిదీ, పొద్దుట్నుంచీ నోట్లో మాట లేదు?" అంది వ్యాను నడుపుతున్న వదిన. ఆవిడ లాండ్రీలో డ్రైవరు. మైకు గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో ఆవిడ హారన్ కొట్టకుండానే తెలిసిపోతుంది. "ఈ ఏడాది ఒక్క మ్యాచ్ ఓడారా మనవాళ్ళు? భయమెందుకు?"

"భయం కాదు వదినా, ఆకలి" అన్నాడు బాబాయ్. రెండూ కడుపులోనే పుడతాయి కాబట్టి అది పూర్తి అబద్ధం కాదు.

ఓడని మాట నిజమే. కింది గ్రూపులో మిగతా జట్లకి సొంత మైదానాల్లేవు. అందరూ పేటకే వచ్చి, కాలవ పక్క మైదానంలో ఆడి, అరగంటకొకసారి బంతిని కాలవలోంచి తీసుకుని, ఓడి, వెళ్ళిపోయారు. ఈ ఒక్క ఆఖరి మ్యాచ్ పెద్ద క్లబ్బువాళ్ళ మైదానంలో. గెలిస్తే కప్పు, దాంతోపాటు పై గ్రూపు. పాయింట్లు ఇద్దరికీ సమానమే గానీ పెద్ద క్లబ్బు కొట్టిన గోల్స్ ఎక్కువ కాబట్టి డ్రా అయినా వాళ్ళే పైకి వెళ్తారు.

బాబాయ్ దిగులు కప్పు గురించి కాదు, మైకు గురించి. పోయిన వారం అన్నం తింటూ మామూలుగా చెప్పేసింది.

"బాబాయ్, పెద్ద క్లబ్బు మేడమ్ నన్ను రమ్మంది. మనం గెలిచి పై గ్రూపుకి వెళ్తే నేనిక్కడే ఉంటా. లేకపోతే వాళ్ళతో వెళ్తా. కింద ఇంకో ఏడాది ఆడితే నా ఆట తుప్పు పట్టిపోతుంది."

"అలాగే తల్లీ" అన్నాడు బాబాయ్, పెద్దమనిషిలాగా. మర్నాడు ఒకళ్ళ పడగ్గదిలో వంటగది టైల్స్ పరిచి వచ్చాడు. ఆ పిల్ల నడక నేర్చేటప్పుడు కాళ్ళ ముందు బంతి పెట్టింది ఆయన. కాలం ఇంత తొందరగా కాలు దువ్వుతుందని అనుకోలేదు.

పెద్ద క్లబ్బు మైదానం చూడగానే వ్యాన్లో గోల మొదటిసారి ఆగింది. పచ్చటి గడ్డి. బల్లపరుపు నేల. బల్ల అన్నా ఒప్పుకుంటుంది, పరుపు అన్నా ఒప్పుకుంటుంది. రైలు వెళ్ళి దాని మీద వెల్లకిలా పడుకుని "నేను మ్యాచ్ అయ్యాక లేస్తా" అంది.

గోల్‌కీపరు మాత్రం వంగి గడ్డిలో ఏదో వెతుకుతోంది. ఆమెని గోడ అంటారు. మాటల్లోనూ గోడే; ఏమడిగినా తిరిగొచ్చేది ఒక్క ముక్క.

"ఏం పోయింది గోడా?"

"రాయి."

"రాయెందుకు?"

"లేదిక్కడ" అంది గోడ దిగులుగా. తర్వాత ఏదో గుర్తొచ్చి తన మేజోడు తడిమి చూసుకుని కుదుటపడింది.

అవతలి కోచ్ వచ్చి చెయ్యి కలిపింది. తెల్ల బూట్లు, మెడలో విజిల్, చల్లటి నవ్వు. ఆవిడ మంచి మనిషి కావడమే బాబాయ్‌కి నచ్చలేదు. చెడ్డదైతే తిట్టుకోవచ్చు, మంచివాళ్ళతో ఆ సౌకర్యం ఉండదు.

"మీ పిల్లలు చాలా ధైర్యంగా ఉన్నారండీ" అంది తెల్ల బూట్ల మేడమ్.

"ధైర్యానికేం లోటు లేదండీ. ఇంకొంచెం ఉంటే అమ్మేవాళ్ళం" అన్నాడు బాబాయ్.

ఆట మొదలైంది. మైకు బంతిని రైలుకి అందించింది. రైలు ఉన్నచోటు సరిగ్గానే ఉంది, మైకు చూసింది కూడా సరిగ్గానే. బంతి మాత్రం రైలుకి రెండు బారల ఎడంగా వెళ్ళి గీత దాటిపోయింది.

మొదటిది కదా అనుకున్నారు. రెండోదీ ఎడంగానే పోయింది. మూడోది ఎడం పక్క నిలబడి ఫోటో తీసుకుంటున్న ఒక తండ్రి మోకాలికి తగిలింది. రైలు పరిగెత్తుకెళ్ళి ఎదురుగా ఖాళీగా ఉన్న గోల్లోకి కొడితే, బంతి గోల్ పక్కనుంచి వెళ్ళి బెంచీ కింద నిద్రపోతున్న కుక్కని లేపింది. జట్టు జట్టంతా ఎడాపెడా కాదు, ఎడా ఎడా కొడుతోంది.

"ఏంటే ఈ కొట్టుడు! కళ్ళు ఇంట్లో పెట్టి వచ్చావా?" అని మైకు అరిచింది.

"నువ్వు కొట్టింది చూసుకోవే ముందు! ఆ అంకుల్ మోకాలేం పాపం చేసింది?" అని రైలు కూత పెట్టింది.

వీళ్ళు ఇలా వాదించుకుంటూ ఉండగా అవతలివాళ్ళు వాదన లేకుండా ఒక గోల్ కొట్టారు. తర్వాత ఇంకొకటి. గీత పక్కన వదిన చేతిలో అరటిపండు ఒలుపు సగంలోనే ఆగిపోయింది.

"మరిదీ, ఏమైంది వీళ్ళకి?"

బాబాయ్ వంగి పిల్లల కాళ్ళ వైపు చూశాడు. తన పిల్లల కాళ్ళు తనకి తెలుసు. అవి మంచి కాళ్ళు. పదకొండు మందీ ఒకేసారి ఒకే పప్పులో కాలెయ్యడం ఎలా కుదురుతుంది?

అప్పుడు బంతి గోల్ వెనక్కి పోయింది. తిరిగి ఆటలోకి కొట్టాల్సింది గోడ. ఆమె బంతిని గీత మీద పెట్టి, మేజోడులోంచి గులకరాయి తీసి, బంతికి కుడిపక్కన జాగ్రత్తగా ఆనించింది. రిఫరీ విజిల్ ఊదుతూ వచ్చాడు.

"ఏంటమ్మా ఇది?"

"రాయి."

"రాయని కనిపిస్తోంది. ఎందుకని అడుగుతున్నా."

గోడ ఆ రోజుకి సరిపడా మాటలన్నీ ఒక్కసారే ఖర్చు పెట్టేసింది. "పెట్టకపోతే కాలవలోకి పోతుంది సార్."

"కాలవా? ఎక్కడ?"

గోడ కుడివైపు చూపించింది. అక్కడ కాలవ లేదు. కార్లు నిలిపిన స్థలం ఉంది.

"తీసెయ్యమ్మా. మైదానంలో రాళ్ళుండకూడదు."

గోడ రాయి తీసేసి, బంతి దొర్లితే పట్టుకోవడానికి రెండు చేతులూ చాపి సిద్ధంగా నిలబడింది. బంతి కదల్లేదు. కదిలింది బాబాయ్. కాళ్ళ కింద నేల కదిలినట్టయింది ఆయనకి, ఆ నేల అస్సలు కదలనందుకు.

పేట మొత్తం కాలవ వైపు వాలి ఉంటుంది. అక్కడ పుట్టినవాళ్ళకి అది వాలు కాదు, లోకం. మంచాలకి కాలవ వైపు కోళ్ళ కింద ఇటుకలు ఉంటాయి. కంచంలో పులుసు కాలవ వైపు చేరుతుంది. పెన్సిలు కింద పడితే పిల్లలు పడినచోట వెతకరు, తిన్నగా కాలవ వైపు గోడ దగ్గరికి వెళ్ళి తెచ్చుకుంటారు. ఇక మైదానం సంగతి చెప్పేదేముంది. మొదటి సగంలో ఎండ కళ్ళలో పడకుండా ఎప్పుడూ ఫ్యాక్టరీ చిమ్నీ వైపే ఆడతారు; కాలవ కుడిపక్కన ఉంటుంది. తిన్నగా కొడితే బంతి కుడికి జారుతుంది కాబట్టి, ఎవరూ నేర్పకుండానే పిల్లలందరూ రెండు బారల ఎడంగా కొట్టడం అలవాటు చేసుకున్నారు. కొందరికి ఎడమ చేతివాటం ఉంటుంది. ఈ జట్టుకి మూకుమ్మడిగా ఎడమ కాలివాటం వచ్చింది.

ఊళ్ళో అందరి ఇళ్ళకీ మట్టం పెట్టే మనిషి, తన సొంత మైదానానికి ఒక్కసారి కూడా పెట్టలేదు. నేల విడిచి సాము చెయ్యడం అంటే ఏమిటో బాబాయ్‌కి ఆ రోజు నేల మీద నిలబడి అర్థమైంది.

విరామం విజిల్ మోగింది. రెండు సున్నా. పిల్లలు వచ్చి కూలబడ్డారు. మంచినీళ్ళ సీసాలు కింద పెట్టి, అవి పడి దొర్లిపోకుండా ప్రతి ఒక్కరూ అలవాటుగా ఒక కాలు అడ్డం పెట్టారు.

"కాళ్ళు తియ్యండి" అన్నాడు బాబాయ్.

తీశారు. సీసాలు నిలబడే ఉన్నాయి. బాబాయ్ జేబులోంచి రసమట్టం తీసి గడ్డి మీద పెట్టాడు. బుడగ నడిమిలో నిలబడి, కదలనని మొరాయించింది.

"చూశారా? ఇక్కడ వాటం లేదు. మీ ఆటలో తప్పు లేదు. మీ కాళ్ళు ఇంకా పేటలోనే ఉన్నాయి, మీరు మాత్రం వ్యాన్లో వచ్చేశారు."

పిల్లలు బుడగ వైపు నోళ్ళు తెరిచి చూశారు.

"అంటే మనం బాగా ఆడుతున్నామా బాబాయ్?" అంది రైలు.

"బ్రహ్మాండంగా ఆడుతున్నారు. మైదానమే తప్పు."

ఆ ఒక్క మాటకి పదకొండు మొహాలు వెలిగాయి. ఓడిపోతున్నవాళ్ళకి ఇంతకన్నా తియ్యటి వార్త ఉండదు.

"అయితే ఇప్పుడు తిన్నగా కొట్టమంటావా?" అంది మైకు.

"కాళ్ళకి కొత్త పాఠం చెప్పే టైము లేదు తల్లీ. బుర్రలకి చెబుదాం. మీరు ఎప్పట్లాగే కొట్టండి. అందుకునేవాళ్ళు మాత్రం రెండు బారల ఎడంగా నిలబడండి. మనం ఉన్నచోటికి బంతి రాకపోతే, బంతి వచ్చేచోట మనం ఉందాం."

మైకు ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసి, తలూపి, మిగతావాళ్ళని లేపింది. బాబాయ్ గుండెల్లోకి కొండంత ధైర్యం వచ్చి కూర్చుంది. పాపం, అది ఎక్కువసేపు కూర్చోలేదు.

రెండో సగం మొదటి అందింపుకే బంతి కుడికి పోయింది. రైలు చెప్పినట్టే ఎడంగా నిలబడి ఉంది, ఖాళీ బస్టాపులో ప్రయాణికురాల్లాగా. రెండో బంతీ కుడికే. అవతలి పిల్ల దాన్ని అందుకుని తిన్నగా గోల్ మీదికి వచ్చి కొట్టింది. గోడ పేరు నిలబెట్టింది. ఒళ్ళంతా అడ్డం పెట్టి ఆపేసింది.

బాబాయ్ రసమట్టం తీసి ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. బుడగకి కూడా సమాధానం తెలిసినట్టు లేదు.

మైదానం నడిమిలో మైకు నిలబడిపోయింది. వెనక్కి తిరిగి గోడని చూసింది, ముందుకి తిరిగి అవతలి గోల్ చూసింది. తర్వాత ఆమె పెట్టిన కేకకి కార్లు నిలిపిన చోట ఒక కారు దానంతటదే మోగడం మొదలుపెట్టింది.

"ఒసేయ్! వైపులు మారాంగా! విరామం తర్వాత కాలవ మనకి ఎడం పక్కకి వస్తుంది! ఇప్పుడు మన కాళ్ళు కుడికి కొడతాయి! అందరూ కుడికి జరగండి!"

బాబాయ్ నుదురు కొట్టుకున్నాడు. హాఫ్‌టైములో హాఫ్ పాఠమే చెప్పాడు. మిగతా సగం పిల్ల చెప్పుకుంది.

"మరిదీ, నీ కన్నా నయం" అంది వదిన, ఆగిపోయిన అరటిపండు మళ్ళీ ఒలుస్తూ.

"నేనేగా నేర్పింది" అన్నాడు బాబాయ్, ఏ మాత్రం సిగ్గు లేకుండా.

జట్టంతా కుడికి జరిగింది. ఇక చూడాలి. మైకు ఒకర్ని చూస్తుంది, ఒళ్ళు వాళ్ళ వైపే తిప్పుతుంది, బంతి మాత్రం రెండు బారల అవతల ఉన్న ఇంకొకరికి వెళ్తుంది. పెద్ద క్లబ్బు పిల్లలు చూపుల్ని నమ్మి పరిగెత్తారు, వాళ్ళకి చూపులే మిగిలాయి. రైలుకి బంతి అందింది. రైలు గోల్‌కి ఎడమ కర్ర వైపు చూసి కొట్టింది. కీపరు అటు దూకింది, బంతి ఇటు దూరింది. రెండు ఒకటి.

ఆ తర్వాత వచ్చిన గోల్‌ని ఎవరు కొట్టారో ఇప్పటికీ తగువే. మైకు కొడితే రైలు భుజానికి తగిలి లోపలికెళ్ళింది. భుజం నాది అంటుంది రైలు, భుజం అక్కడుందని చూసి కొట్టింది నేను అంటుంది మైకు. ఎవరిదైనా రెండు రెండు. వదిన అరటిపండు తొక్క గాల్లోకి విసిరింది, అది రిఫరీ టోపీ మీద పడింది, ఆయన మంచివాడు కాబట్టి చూడనట్టు ఊరుకున్నాడు.

తెల్ల బూట్ల మేడమ్ కూడా తక్కువ తిన్నది కాదు. కాసేపు చేతులు కట్టుకుని చూసి, చెయ్యెత్తి తన పిల్లలకి సైగ చేసింది. వాళ్ళు చూపుల్ని వదిలేసి, అందరూ మనవాళ్ళ కుడివైపుకి జరిగి కాపు కాశారు. గుట్టు రట్టయింది. బంతి మళ్ళీ ఎక్కడికీ వెళ్ళడం లేదు. రిఫరీ గడియారం చూసుకోవడం మొదలుపెట్టాడు.

అప్పుడే రైలుని గోల్‌కి కాస్త దూరంలో ఎవరో పడగొట్టారు. ఫ్రీ కిక్. కొట్టేది మైకు.

అవతలివాళ్ళు గోల్‌కి కుడిపక్కన వరసగా నిలబడ్డారు. కీపరు కూడా అటే జరిగింది. వాళ్ళకి తెలుసు, కుడికే వస్తుంది. బాబాయ్‌కీ తెలుసు. తిన్నగా కొట్టమని అరుద్దామనుకుని ఆగిపోయాడు. అరవడం ఆ ఇంట్లో ఆయన శాఖ కాదు.

మైకు బంతి పెట్టింది. అలవాటుగా దాని మీద కాలు వేసి పట్టుకుంది. మెల్లిగా కాలు తీసింది. వెనక్కి నడిచింది. బంతి అక్కడే ఉంది. ఆ పిల్ల దాని వైపు, కొత్తగా పరిచయమైన మనిషిని చూసినట్టు చూసింది. నోరు విప్పలేదు. ఆ మైకు ఆగిపోవడం బాబాయ్ అంతకు ముందెప్పుడూ వినలేదు.

పరిగెత్తుకొచ్చి కొట్టింది. బంతి తిన్నగా వెళ్ళింది. దారం పట్టి గీసినట్టు, బుడగ నడిమిలో నిలబడ్డట్టు, గోల్ నట్టనడుమ వలలోకి.

మూడు రెండు. తర్వాత ఆడిన కాసేపట్లో ఏం జరిగిందో బాబాయ్‌కి తెలియదు. వదిన వీపు మీద చరుస్తూ ఉంటే దగ్గు ఆపుకోవడంతోనే సరిపోయింది. విజిల్ మోగింది. పిల్లలు ఒకరి మీద ఒకరు కుప్పగా పడ్డారు. అడుగున ఉన్నది గోడ కాబట్టి ఎవరికీ దెబ్బలు తగల్లేదు.

కుప్పలోంచి బయటపడి మైకు బాబాయ్ దగ్గరికి వచ్చింది. ఆయన మొహం గెలిచినవాడి మొహంలా లేదు.

"ఏంటి బాబాయ్?"

"తల్లీ, గెలిస్తే ఉంటానన్నావు. ఆ మాట పట్టుకుని నిన్ను కట్టెయ్యను. ఇందాక తిన్నగా కొట్టావు. అది నేను నేర్పింది కాదు, మన మైదానం నేర్పింది అంతకంటే కాదు. నీకు ఏ నేలైనా ఒకటే. వెళ్ళాలనుంటే వెళ్ళు."

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"వాళ్ళ దగ్గర అంతా బావుంది బాబాయ్. బంతి చెప్పిన చోటికి వెళ్తుంది. మనుషులు చెప్పిన చోట నిలబడతారు. ఇంక నేనెందుకు అరవాలి? నెల్లాళ్ళలో నా పేరు మార్చేస్తారు." ఆమె చెమట తుడుచుకుంది. "నేనెక్కడికీ వెళ్ళను. కానీ పై గ్రూపులో సగం ఆటలు బయటే ఉంటాయి. ఒక రోజు మన కాలవ పక్క, ఒక రోజు చదును నేల మీద ప్రాక్టీసు పెట్టు. నీకు తెలియని చదును నేల ఉందా ఈ ఊళ్ళో?"

"స్కూలు వెనక ఒకటి ఉంది. నేనే చదును చేశాను" అన్నాడు బాబాయ్. ఆ మాట అనేటప్పుడు గొంతు మాత్రం చదునుగా లేదు.

తెల్ల బూట్ల మేడమ్ వచ్చి మైకుకి చెయ్యి అందించింది. "నీ జవాబు అర్థమైందమ్మా. ఒక్కటి చెప్పు. చూపు ఒకవైపు, దెబ్బ ఒకవైపు. ఆ ఎత్తు మీకు ఎవరు నేర్పారు?"

బాబాయ్, మైకు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"కాలవ మేడమ్."

"ఆవిడెవరు?"

"మా సీనియర్ కోచ్" అంది మైకు. "ఒకసారి మా మైదానానికి ఆడటానికి రండి, పరిచయం చేస్తాం. రాళ్ళు మేమే ఇస్తాం." గోడ ముందుకొచ్చి, మేజోడులోంచి గులకరాయి తీసి, ఎంతో మర్యాదగా మేడమ్ చేతిలో పెట్టింది.

వ్యాను తిరిగి పేట దారి పట్టింది. కప్పు దుప్పట్ల మూటల మీదికెక్కింది, పోట్లాట వదిలిపెట్టిన చోటి నుంచే మళ్ళీ మొదలైంది.

"మీ ఇంట్లో దొర్లిపోతుందని చెప్పానా?" అంది రైలు.

"ఇటుక నేను తెస్తా" అన్నాడు బాబాయ్, ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి.